మంచు మీద బండక్షరం

హిస్కెకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు. పందొమ్మిదో ఏట తండ్రి అచ్చుకూటం ఆమె చేతికొచ్చింది. ఫ్రీస్‌లాండ్ అనే డచ్చి సీమలోని ఆ కాలువల ఊళ్లో నలభై ఏళ్లుగా అచ్చయిన ప్రతి కాగితమూ ఆమె వేసిందే. ఆమె ప్రాణమంతా పియర్ చెక్కతో చేసిన బండక్షరాల పెట్టెలో ఉండేది. అరచేతంత అక్షరాలు, లావాటి గీతలు, ప్రతి గీత కిందా మొద్దు పాదాలు. పశువుల వేలం, గాలికుంటు రోగం, కట్ట తెగిన కబురు లాంటివాటికే ఆ పెట్టె తెరిచేది. రొట్టెల కొట్టువాడు ప్రకటనంతా అందులోనే వెయ్యమంటే, "కాగితమంతా అరిస్తే ఎవడు వింటాడు? ఒక్క మాట ఎంచుకుని రా" అని వెనక్కి పంపింది.

పందొమ్మిది వందల యాభై ఆరు ఫిబ్రవరిలో కాలువలు గడ్డకట్టాయి. వంతెనల కింద మాత్రం మంచు పలచనే. అక్కడ 'ప్రమాదం' అని కాగితం కట్టడం స్కేటింగ్ సంఘం పని. ఆ ఏడు సంఘానికి కొత్త అధ్యక్షుడు బడి హెడ్మాస్టరు వీబ్రెన్. బలపం పట్టిన చెయ్యి కదా, అక్షరాల సంగతి తనకే తెలుసనుకున్నాడు.

"హిస్కెగారూ, ఈసారి ఆ పశువుల సంత అక్షరాలు వద్దండీ. పందేలకి పట్నం నుంచి పెద్దలొస్తున్నారు. ఇదిగో, ఇలా నాజూగ్గా ఉండాలి" అంటూ సన్నక్షరాల నమూనా మీద వేలు పెట్టాడు.

"అది కుర్చీలో కూర్చుని చదువుకునేవాళ్లకి, మాస్టారూ. స్కేట్ల మీద దూసుకొచ్చేవాడికి ఎదురుగాలికి కళ్ల నీళ్లు కారుతుంటాయి. పదడుగుల దగ్గరికొస్తే గాని ఈ గీతలు ఆనవు. ఆగడానికి ముప్పై అడుగులు కావాలి."

"నిరుటి కాగితం చూసి మా అత్తగారు జడుసుకుందండీ."

"జడుసుకోవడానికేగా కట్టింది."

"సంఘం తీర్మానం అయిపోయింది. మీరు వెయ్యకపోతే పట్నంలో వేయించుకుంటాం."

పని పొరుగూరికి పోవడం హిస్కెకు తలకొట్టేసినట్టే. పళ్లు కొరుకుతూనే వేసిచ్చింది.

ఆ కాగితాలు కట్టిన నాలుగో రోజు పాలుపోసే డూకె వంతెన కింద మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. నిచ్చెన వేసి లాగారు. ప్రాణం దక్కింది గాని కుడికాలి వేళ్లు మూడు తీసేశారు. ఆ సాయంత్రమే హిస్కె బండక్షరాలతో పదకొండు కాగితాలు వేసి, పదకొండు వంతెనలకూ తనే కట్టింది. ఎదురొచ్చిన హెడ్మాస్టరు, "తీర్మానం లేకుండా..." అనబోయాడు.

"ఆ తీర్మానమేదో డూకెకి చదివి వినిపించండి, పోండి" అంది.

మర్నాడు ఆ కోపంతోనే ఆసుపత్రికి వెళ్లింది.

"కాగితం కనబడలేదా, డూకె?"

"దూరం నుంచే కనబడిందక్కా. చదవడానికే రాలేదు."

"మరి ఆగొచ్చు కదరా."

"ముద్దుగా ఉంది కదా, ఎక్కడో డ్యాన్సుకి పిలుస్తున్నారనుకున్నా. ఏ రోజో చూద్దామని దగ్గరికెళ్లా."

హెడ్మాస్టరును తిట్టడానికి దారంతా కూడబెట్టుకున్న మాటలు హిస్కెకే తగిలాయి. ఆ కాగితం అచ్చువేసిన చేతులు తనవే.