సమంగా నిలబెట్టిన ట్రెయిలర్

మా పక్కింటి డెల్మార్ హస్బీ నలభై ఏళ్లు వంటింటి అల్మరాలు చేశాడు. విస్కాన్సిన్‌లోని మా చిన్న ఊళ్లో అతని చేతి తలుపు మూస్తే చప్పుడు కాదు. అంతటివాడు డెబ్బై రెండో ఏట ఒక పాత ట్రెయిలర్ చేతిలో ఓడిపోతుంటే, పుస్తకం ఒళ్లో పెట్టుకుని మా వరండాలోంచి చూస్తూ ఉండిపోయాను.

అది ట్రక్కుకు తగిలించి లాక్కెళ్లి, వెళ్లిన చోట రాత్రి పడుకునేది. సగం గది, సగం గుడారం. మధ్యలో గట్టి గోడలు. రెండు చివరలా ఉన్న తలుపులు కిందికి దించితే అవే మంచాలు, వాటి మీద కాన్వాసు. ఎవరో వాడి అమ్మేసినదాన్ని భార్య మార్లిస్ కోసం కొన్నాడు. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆమె నేల మీద పడుకోలేకపోతోంది. జూలైలో ఉత్తరాన సరస్సు ఒడ్డున గుడారంలో వారం గడపడం వాళ్లకు ముప్పై ఏళ్ల అలవాటు. ఈ ట్రెయిలర్ సిద్ధం కాకపోతే ఇక వెళ్లడం ఉండదని మార్లిస్ నాతో అంది. ఎండ గురించో వాన గురించో మాట్లాడినట్టే అంది.

మే నెలలో వెనక గోడ మూలన వేలు పెట్టి నొక్కితే, తడిసిన రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. రేకు విప్పితే లోపలి చట్రం నల్లగా బూజు పట్టి ఉంది. కుళ్లినదంతా కోసేసి, కొత్త కట్టెలు వేసి, పైకప్పు అతుకులకు నీళ్లు దిగకుండా సీలెంటు పూశాడు. వాన వచ్చింది, వెనక మంచం అంచున మళ్లీ నీళ్లు. గోడ విప్పాడు, కిటికీ ఊడదీసి మళ్లీ బిగించాడు. మళ్లీ నీళ్లు. మూడోసారి గోడ విప్పి రబ్బరు పట్టీలన్నీ మార్చాడు. కొత్తగా వేసిన ప్లైవుడ్ కూడా ఉబ్బింది.

శుక్రవారం చేపల వేపుడుకు క్లబ్బుకు వెళ్లడం మానేశాడు. అక్కడ అందరూ ట్రెయిలర్ ఏమైందనే అడుగుతారు. మార్లిస్ తమ్ముడు రోలీ అయితే ఇంటికే వచ్చి, “బావా, పడవని చెప్పి అమ్మెయ్యి. దాంట్లో నీళ్లుంటే ఎవరూ ఏమీ అనుకోరు,” అన్నాడు. డెల్మార్ అతనికి కాఫీ కూడా ఇవ్వలేదు.

ప్రయాణం నాలుగు రోజులుందనగా, దాన్ని తుక్కు దుకాణానికి తోలేస్తానని ట్రక్కుకు తగిలించాడు. కదిలించేసరికి ఒక చక్రం గడ్డి గట్టు ఎక్కి ట్రెయిలర్ పక్కకు ఒరిగింది. అలాగే ఆపి, పరుపు తీసుకుందామని వెనక మంచం దించాడు. అంతలో వాన దంచేసింది. డెల్మార్, మార్లిస్ ఇద్దరూ మా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. గంట తర్వాత వెళ్లి చూస్తే మంచం పొడిగా ఉంది.

“ఒరిగింది కదా, నీళ్లు పక్కకి జారిపోయాయి,” అంది మార్లిస్. “నువ్వేమో ఇన్నాళ్లూ దాన్ని బల్లలాగా నిలబెట్టావు.”

నిజమే. నిలిపిన ప్రతిసారీ రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా చక్రాల కింద చెక్కలు దోపేవాడు. ఆ చదును కప్పు మీద నిలిచిన నీళ్లు, కాన్వాసు కలిసే అంచులోంచి లోపలికి దిగేవి. నమ్మకం కుదరక, ట్రెయిలర్‌ను చదునుకు దించి గొట్టంతో నీళ్లు కొట్టాడు. అదే అంచు, అవే నీళ్లు.

“వంకరగా పెడితేనే కారని ఇల్లు ఎవడైనా కడతాడా?” అన్నాడు గొట్టం విసిరేసి.

“ఇల్లు కాదు, గుడారం. గుడారానికి వాలుండాలని నీకు తెలీదా?”

తెలుసు. గోడలు కనబడేసరికి మర్చిపోయాడు. మూడుసార్లు విప్పిన ఆ గోడ దగ్గరికే మళ్లీ పనిముట్లు తెచ్చుకున్నాడు. నాలుగోసారి విప్పి, ఉబ్బిన చెక్క పీకి కొత్తది వేశాడు. రంగు వేయడానికి మాత్రం టైము లేకపోయింది.

వాళ్లను చూద్దామని ఒక రోజు నేను సరస్సుకు వెళ్లేసరికి, రాత్రంతా వాన కురిసి అప్పుడే తెరిపిచ్చింది. మంచం పొడిగానే ఉంది. మార్లిస్ మొహం మాత్రం బాగాలేదు.

“రాత్రంతా జారుతూనే ఉన్నా. లేచేసరికి కాన్వాసుకి అతుక్కుపోయి ఉన్నా,” అంది. “ఇవాళ పల్లం వైపు నువ్వు పడుకో.”

డెల్మార్ తన దిండు అటు మార్చాడు. బయటికి వచ్చి, వాలు కోసం తానే ఎత్తు చక్రం కింద పెట్టిన రెండు చెక్కల దగ్గర వంగి నిలబడ్డాడు. ఒకటి లాగేయాలని అతని చేతులకు ఎంతగా ఉందో చూస్తేనే తెలుస్తోంది. లాగలేదు.