పిలిస్తే రాని కీచురాయి

మా బాబాయి కీచురాళ్లు పెంచుతాడు. తొండల్నీ బల్లుల్నీ ముద్దుగా పెంచుకునే మహానుభావులుంటారు కదా, వాళ్లకు మేతగా అమ్ముతాడు. పెరటి గదినిండా ప్లాస్టిక్ తొట్లు, వాటిలో నిలబెట్టిన గుడ్ల అట్టలు, తవుడు, క్యారెట్ ముక్కలు. అక్కడ కూర్చుని "ఏమేవ్!" అని ఒక్క కేక పెడితే ముందు గదిలో ఉన్న పిన్ని పరుగున వచ్చేది.

ఆమధ్య జ్వరపడి లేచాక పిన్ని తీరు మారింది. బాబాయి పెరట్లోంచి పిలిస్తే లేచి వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్లేది. కాసేపటికి వచ్చి మళ్లీ కూర్చునేది. బాబాయి ఇదంతా కిటికీలోంచి చూశాడు. నోరు పెద్దదే కానీ ఉత్త పిరికి మనిషి. ఆమెను అడగలేక నా దగ్గర మొత్తుకున్నాడు.

"మీ పిన్నికి నేనంటే విసుగు పుట్టిందమ్మా. పిలిస్తే వీధిలోకి పోతోంది."

మంచం కూడా పెరటి గదిలోకి మార్చుకున్నాడు. పురుగుల మధ్య ముడుచుకుని పడుకున్న ఆ మనిషిని చూస్తే నాకు జాలేసింది, ఒళ్లూ మండింది. ఇన్నేళ్ల కాపురం, నోరు తెరిచి ఒక్క ముక్క అడగొచ్చుగా!

ఆ రోజుల్లోనే ఆయనకు ఇంకో చిక్కు వచ్చిపడింది. కీచురాళ్లలో మగది కూస్తుంది, ఆడది ఆ కూత పట్టుకుని వెళ్లి జతకడుతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు కొరుక్కుని కాళ్లు ఊడగొట్టుకుంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఊడిన కాలు కొంచెం కొంచెంగా మళ్లీ పెరుగుతుంది. అలా ఒక ముందు కాలు కొత్తగా మొలిచిన ఆడవాటిని, ఓ మగదాంతో పాటు, పెద్ద తొట్టిలో వేరుగా ఉంచాడు. గుడ్లు పెట్టడానికని అందులో ఉంచిన తడి ఇసుకలో ఒక్క గుడ్డూ లేదు.

"గొడ్డువి. ఉన్న సత్తువంతా కాలికే అయిపోయుంటుంది. మేతలో కలిపేద్దాం," అన్నాడు.

నేను తవుడు జల్లిస్తున్నాను. టీ తెచ్చిన పిన్ని ఆ తొట్టి పక్కన కూర్చుని లోపలికి వంగింది. అట్ట కింద మగది కూస్తోంది. కురచ కాలున్న ఆడది గబగబా బయలుదేరి, గుండ్రంగా తిరిగి, ఎదురు మూలకు చేరింది. ఆగి, మళ్లీ తిరిగింది.

"ఇది గొడ్డుది కాదండీ," అంది పిన్ని. "కూత వినిపిస్తోంది దీనికి. ఎటునుంచో తెలియట్లేదు, పాపం."

"వీటి చెవులు ముందు కాళ్లలోనే ఉంటాయి. మొలిచిన కాల్లో చెవి సరిగా రాలేదేమో," అని గొణిగాడు బాబాయి. "అయినా నీకెలా తెలిసింది?"

"నాకూ అంతేగా. జ్వరంలో ఒక చెవి పోయింది. మీరు పిలుస్తారు. మీ గొంతు వీధిలోంచి వచ్చినట్టుంటుంది. వెళ్లి చూస్తే మీరుండరు."

"మరి చెప్పవేం?"

"చెబుదామనుకునేలోపు మీరు మంచం మార్చుకున్నారు. చెవిటిదాన్నని తెలిసిపోయింది కాబోలు అనుకున్నాను."

బాబాయి ఏం చేయాలో తోచక ఆ మగదాన్ని తీసి ఆడదాని ముందే పెట్టాడు. మీసాలు మీసాలు తగిలాయి. (అలా దగ్గర చేర్చాక అవన్నీ గుడ్లు పెట్టాయి, మిగతావాటంత కాకపోయినా.) వాటిని చూడకుండా ఆయన పిన్ని వైపు తిరిగాడు.

"ఏ చెవి?"

ఎడమ చెవి ముట్టుకుంది. బాబాయి లేచి, తొట్టి చుట్టూ తిరిగి, ఆమె కుడిపక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నామీద విసుగు పుట్టలేదు కదే?"

"విసుగు పుడితే వీధిలోకెళ్లి వెతుక్కుంటానా?" అంది పిన్ని.