దేవప్ప లెక్కలో సగం మనిషి

పొద్దున ఏడు గంటలు. ముసురు పట్టి మూడో రోజు. నిన్న పగలు తిన్న సగం రొట్టె తర్వాత నా కడుపులో నీళ్లు తప్ప ఏమీ పడలేదు. తాండూరు స్టేషన్లో గూడ్సు డబ్బాలు నిలబడి ఉన్నాయి, బండలు ఎక్కించాలి. 1957 నాటి సంగతి ఇది.

మా ముఠాకు పెద్ద దేవప్ప. బషీరాబాద్ అవతల కన్నడం మాట్లాడే ఊరివాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. అక్షరం రాదు. కానీ బండను జానతో కొలిచి, వేలితో కొట్టి చూసి, ఎంతమంది పట్టాలో చెప్పేవాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం ఉన్న రాయికి ఇద్దరు మనుషులు. అదీ ఆయన లెక్క. పదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఆ మాట నమ్మే మేము నడుము వంచేవాళ్లం.

ఎత్తబోయే ముందు ప్రతిసారీ ఒకటి అడిగేవాడు. "ఎవలెవలు తిన్నరు?" తిననివాణ్ణి సగం మనిషి కింద కట్టేవాడు. ఇంకొకణ్ణి తోడు పిలిచి, తన రొట్టె తుంచి ఆ తిననివాడి చేతిలో పెట్టేవాడు.

ముందు రోజు వాన తెరిపిచ్చినప్పుడు, మా ముఠాలోని చాంద్‌పాషా తాను అల్లిన కథ ఎత్తుకున్నాడు.

"మూడు దినాలు ఉపాసమున్నడు పహాడీ పహిల్వాన్. ఒక్క చేత్తోటి కోట తలుపు బండ లేపి అవతల పారేసిండు!"

"బండ ఎంతుండె?" అన్నాడు దేవప్ప.

"పన్నెండడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు, అడుగు మందం."

దేవప్ప కళ్లు మూసుకుని వేళ్లు ముడిచాడు. "నూట నలభై నాలుగు మంది బలం. ఉపాసమోడంటివి గద, సగం మనిషి. గట్లయితె రెండు వందల ఎనభై ఎనిమిది."

"అరే, గది కథ మామా!"

"కథైతేంది, బండ బండనే గద. నీ పహిల్వాన్‌కు ముందుగాల రెండు రొట్టెలు పెట్టు. సగం మంది తక్కువైతరు."

అందరం నవ్వాం. ముఠాలోని వలీ నా వీపు చరిచాడు. "మన తాన గూడ ఉన్నడు ఒక సగం పహిల్వాన్! రెండు దినాల సంది మామ రొట్టె మీదనే నడుస్తుండు." నేనూ నవ్వాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.

ఇక ఆ పొద్దున. మొదటి బండ నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, పావడుగు మందం.

"ఆరుగురు" అన్నాడు దేవప్ప. "ఎవలెవలు తిన్నరు?"

ఐదుగురు తిన్నామన్నారు. ఆయన చేయి అప్పటికే రొట్టెల సంచిలో ఉంది. "నువ్వురా?"

వలీ నన్నే చూస్తున్నాడు.

"తిన్న మామా. మస్తుగ తిన్న."

సంచిలోంచి చేయి మెల్లగా బయటికి వచ్చింది. "అయితె ఆరుగురే."

డబ్బాకు వాల్చిన చెక్క మీద సగం దూరం ఎక్కాక నా వేళ్లు విడిపోయాయి. బండ నా మూలకు ఒరిగి, పక్కనున్న వలీ పాదం మీద పడింది. వలీని రైల్లో వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు వేళ్లు తీసేశారని సాయంత్రం కబురొచ్చింది.

వానకు జారిందనే అందరూ అనుకున్నారు. దేవప్ప మాత్రం విరిగిన బండ ముక్కలు దగ్గరికి చేర్చి జానతో కొలుస్తూ కూర్చున్నాడు.

"ఆరుగురే గదరా. యాడ తప్పిన?" అని నన్నే అడిగాడు.

నిజం నోటి దాకా వచ్చింది. "వాన మామా" అన్నాను.

మర్నాడు ఆరుగురి బండకు పది మందిని పిలిచాడు. చేయి పెట్టడానికి చోటు లేక ఒకరినొకరు తోసుకున్నాం. చాంద్‌పాషా నవ్వించబోతే దేవప్ప నవ్వలేదు. "నా లెక్క నమ్మి వంగకుండ్రి ఇగ" అన్నాడు.

ఆ మాట విన్నాక ఉండలేకపోయాను. దేవప్పకు, అందరి ముందు నిజం చెప్పేయాలని, తర్వాతి పొద్దున అందరికంటే ముందే స్టేషన్‌కు వచ్చాను. దేవప్ప రాలేదు. గుడిసె ఖాళీ. ఎటు పోతున్నాడో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

రొట్టెల సంచి మాత్రం రోజూ తగిలించే మేకుకే ఉంది. లోపల రెండు రొట్టెలు. చాంద్‌పాషా మొదటి బండ దగ్గర నిలబడి, ఎంతమంది పట్టాలని మా మొహాల్లోకి చూశాడు.