కడిగిన కంకర

2022 వేసవి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులో పనిచేస్తున్నాను. తారురోడ్డుకు వాడే కంకరను మా భాషలో ఎగ్రిగేట్ అంటాం. అది బరువుకు పగులుతుందా, అరుగుతుందా, దాన్ని తారు పట్టుకుంటుందా అని చూడటం నా పని. రూలు ప్రకారం రాళ్లను కంకరగా కొట్టే క్రషర్ దగ్గరికి మేమే వెళ్లి, గుట్టలో నాలుగైదు చోట్ల నుంచి శాంపిల్ తీయాలి. పల్నాడు ఎండల్లో ఎవరు పోతారు? కాంట్రాక్టరే సంచిలో పోయించి పంపేవాడు. రిపోర్టు కింద ‘పార్టీ ఇచ్చిన శాంపిల్’ అని ఒక ముక్క రాసి మేం చేతులు దులుపుకునేవాళ్లం.

నూజెండ్ల వైపు ఒక పల్లెకు రోడ్డు శాంక్షన్ అయింది. దాని కంకర సంచిని మాకు తెచ్చిచ్చింది ఆ ఊరి ఆటోడ్రైవరు ఖాసిం. అతని భార్య రహిమాకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కు నరసరావుపేటకు తీసుకొచ్చేవాడు. దారిలో క్రషర్ దగ్గర ఆగి సంచి వేసుకొచ్చి, ఆమెను ఆసుపత్రిలో దించాక మా దగ్గరికి వచ్చేవాడు.

స్ట్రిప్పింగ్ టెస్టు చేశాను. కంకరకు తారు పూసి, ఒక రోజంతా గోరువెచ్చని నీళ్లలో ఉంచి, ఎంత తారు ఊడిందో చూస్తాం. నూటికి ఐదు వంతులు దాటకూడదు. ఇక్కడ సగం ఊడిపోయింది.

రెండు రోజులకు ఖాసిం వచ్చాడు. “ఏంది సార్, ఫెయిలయిందంటగా. రోడ్డు ఆగిపోద్దా?”

“రాయి గట్టిదే. సన్నమట్టి పట్టేసి ఉంది. మట్టి మీద తారు నిలవదు.”

“మట్టి పోతే పాసైద్దా?”

“అవుతుంది.”

“ఆ గుంటల్లో ఎగిరెగిరి పడతా ఇంటికి పోయేసరికి మా ఇంటామె చేతికి సూదులు పొడిచిన కాడ రగతం కారతంది సార్. ఎట్టన్నా రోడ్డు పడాల.”

వారంలో ఇంకో సంచి తెచ్చాడు. రాళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గోనెసంచి అడుగు ఇంకా తడిగా ఉంది. చూశాను. ఎందుకు తడిసిందని అడగలేదు, వెళ్లి గుట్టా చూడలేదు. ఈసారి టెస్టులో తారు ఊడలేదు. పాస్ అని రాసి సంతకం పెట్టాను. ఖాసిం మొహం వెలిగిపోతుంటే నేనేదో పెద్ద మేలు చేసినట్టు మురిసిపోయాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

క్రషర్ దగ్గర గుట్టను ఎవరూ కడగలేదు. ఆ మట్టి కంకరతోనే రోడ్డు వేశారు. మొదటి వానాకాలానికే తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పాత రోడ్డు మీద ఖాసిం గుంటలు తప్పించి నడిపేవాడు. ఊడిన కంకర మీద తప్పించుకునే చోటే లేదు, ఆటో జారిపోయేది. ఆ కుదుపులు తన వల్ల కాదని రహిమా వారానికి రెండుసార్లే రావడం మొదలుపెట్టింది. తర్వాత ఒక్కసారే. చలికాలం దాటకుండానే పోయింది.

కొన్నాళ్లకు వేరే రోడ్డు సంచి వేసుకుని ఖాసిం వచ్చాడు. దించి, వెళ్లకుండా నిలబడ్డాడు.

“అప్పుడు ఆ రెండో సంచి నేనే కడిగినా సార్. మట్టి పోవాలన్నారుగా మీరు. బోరు కాడ మూడు తూర్లు కడిగినా. నన్నెవురూ కడగమనలా.”

“తప్పు నాది ఖాసిం. సంచి తడిగా ఉండటం చూశాను. చూసి కూడా అడగలేదు.”

అతను తల అడ్డంగా ఊపాడు. “మీ ముందర ఏది పెడితే మీరు అదేగా చూసేది. కడిగిన చేతులు నాయి.”

ఎంత చెప్పినా వినలేదు. భార్యను తనే చంపుకున్నానని ఇవాళ్టికీ నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని అతని మనసులోంచి తీసేయడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు శాంపిల్ తీయడానికి గుట్ట దగ్గరికి నేనే వెళుతున్నాను. దానివల్ల రహిమాకు ఒరిగేదేమీ లేదు. ఆ పాత రిపోర్టు మళ్లీ తీసి చూశాను. అందులో ఒక్క అంకె తప్పు లేదు. ఆ సంచిలో ఉన్న రాళ్ల వరకు అదంతా నిజమే. ఆ నిజం కింద నా సంతకం చూసే, ఆమె ఆసుపత్రికి రాలేని రోడ్డు వేశారు.