పెండ్లికి రావద్దన్న నాన్న

మా నాన్న బడిపంతులుగా రిటైరయ్యారు గానీ హాజరు తీసుకోవడం మానలేదు. ఆయన దగ్గర చదువుకున్న ఒకతను మా ఎమ్మెల్యే అయ్యాడు. ఇక చూడండి! అసెంబ్లీ జరిగినన్నాళ్లూ నాన్న టీవీ ముందు నుంచి కదలరు. శిష్యుడు సభకు వచ్చాడా, ఏ బిల్లుకు చెయ్యెత్తాడు, అఫిడవిట్‌లో ఆస్తులేం చూపించాడు, అన్నీ ఆయనకు కావాలి. "సొంత బిడ్డల చదువు ఇట్ల చూసింటే ఎంత బాగుండు!" అని అమ్మ దెప్పేది.

నా పెళ్లి ప్రొద్దుటూరులో పెట్టుకున్నాం. అమ్మ ఎమ్మెల్యే ఇంటికి వెళ్లి, ఆయన భార్యకు బొట్టు పెట్టి మరీ పిలిచి వచ్చింది. తీరా చూస్తే అదే రోజు సభలో మా ఊరి కాలువ మీద శిష్యుడి ప్రశ్న పడింది. తవ్వి వదిలేసిన కాలువ అది. చుక్క నీరు రాలేదు. ఆ ప్రశ్న వేయించడానికి తిరిగి తిరిగి నాన్న చెప్పులు అరిగాయి. తీరా అడిగేవాడు సభలో లేకపోతే మంత్రి నోరు విప్పే పనే ఉండదు.

నాన్న ఫోన్ చేశారు. "అప్పా, మా ఇంటి పెండ్లికి నువ్వు రావద్దు. ఆడనే ఉండు" అని పెట్టేశారు. మాటల్లో ఆయనది మహా పొదుపు.

మా సీమలో పెళ్లికి రావద్దని ఎవరూ అనరు. అన్నారంటే అలిగారని అర్థం. అలిగిన వాళ్లింటికి అందరికన్నా ముందు పోవాలి.

అక్షింతలు పడుతున్న వేళ మండపం ముందు కార్లు ఆగాయి. అమ్మ మొహం వెలిగిపోయింది. ఎమ్మెల్యే నేరుగా వచ్చి నాన్న కాళ్లకు దండం పెట్టాడు.

"ఏం తప్పు జేసినా సార్? మీరు కోపంగా ఉంటే నేను అమరావతిలో ఎట్ల కూర్చుంటా? రాత్రే బయల్దేరినా."

నాన్న తిడతారని నేను హడలిపోయాను. తిట్టలేదు. భోజనాల దగ్గర మా ఎదురుగానే అతన్ని కూర్చోబెట్టి, తానే నెయ్యి వడ్డిస్తూ అసలు సంగతి చెప్పారు. శిష్యుడి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఒక్క ప్రశ్న అడిగితే నీళ్లొస్తాయా సార్?"

"రావేమో. ఊరు ఎండిపోతాంటే మనోడు నోరు తెరవలేదనే మాట మాత్రం ఉండిపోతాది. ఆ మాట నీకు రాకూడదనే, నాయనా, రావద్దంటి."

అంటూనే నాన్న కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. అప్పగింతల్లో నాకోసం ఏడుస్తారనుకున్న మనిషి, పట్టపగలు బంతిలో నిలబడి వాడికోసం ఏడ్చేశారు. నిజం చెప్పొద్దూ, పెళ్లికూతురికి ఒళ్లు మండిపోయింది.