అక్క ఎక్కని కారు

మనుషుల ముఖాలు ఒక్కొక్కటే జారిపోతున్న రోజుల్లో కూడా మా అక్కకు ఆదివారం మాత్రం జారిపోలేదు. పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, జగ్గయ్యపేటలో మా ఇంటి మెట్ల మీద కూర్చునేది. నేను సందు చివరి రేకుల షెడ్డులోంచి కారు తెచ్చేవాణ్ణి. అది మలుపు తిరగకముందే అక్క లేచి నిలబడేది. నందిగామ చర్చికి వెళ్ళాలి. ఆమె పంతులమ్మగా పనిచేసింది ఆ ఊళ్ళోనే, ఏళ్ళ తరబడి పాటలు నడిపించింది ఆ చర్చిలోనే. అన్నం తిన్నదో లేదో గుర్తులేని మనిషి, అక్కడ పాట అందుకుంటే చివరి చరణం దాకా తడుముకోకుండా పాడేది.

"మెల్లమెల్లగా అన్నీ పోతాయండి" అన్నాడు డాక్టరు, వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా. నాకు ఒళ్ళు మండింది. పోయేవి పోనీ, ఆ పాటలు పోకూడదు. వాటి కోసం ప్రతి ఆదివారం ఆమెను అక్కడికి చేర్చాలి. ఆటో ఎక్కదు, బస్సు ఎక్కదు. మా పాత డీజిల్ కారు ఒక్కటే ఎక్కేది.

నేను బడి మొహం చూడలేదు. గేదెల వెనక తిరిగాను. అక్కే ఇంటికొచ్చి ఆ రోజు పాఠం నాకు మళ్ళీ చెప్పేది, తప్పు చదివితే చెవి మెలిపెట్టేది. ఇంజిన్ల పని మాత్రం ఎవరూ చెప్పలేదు. లారీల కింద పడుకుని, చూసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

మా కారుకు ఒక అవకరం చాలా ఏళ్ళ నుంచీ ఉంది. మెల్లగా తోలినా, నిలబెట్టి ఉంచినా ఇంజిను మూడు దెబ్బలు సరిగ్గా కొట్టి నాలుగోది జారవిడిచేది, దంపుడులో ఒక రోకలి వెనకబడ్డట్టు. దానివల్ల ప్రయాణానికి ఏ ఇబ్బందీ లేదు. మొన్నటి వానాకాలంలో కొత్త జబ్బు మొదలైంది. ఆగి ఉన్నప్పుడు ఇంజిను తనంతట తనే పైకి లేచేది, దిగిపోయేది, ఆయాసపడేది, చచ్చిపోయేది. ఒక ఆదివారం టోల్‌గేటు వరసలో అలాగే చచ్చింది. వెనక లారీలు హారన్లు మోగించాయి. నేను బానెట్టు ఎత్తి చూస్తుండగా అక్క తలుపు తీసుకుని లారీల మధ్యకు నడిచిపోయింది. ఒక లారీ డ్రైవరు దూకి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా! ముసలామెను రోడ్డు మీద వదిలేసి బానెట్టులో తలకాయ పెట్టావ్. బుద్ధుందా?"

అక్క చెయ్యి అందుకుని మళ్ళీ కారులో కూర్చోబెట్టాను.

మర్నాడు ఊళ్ళో కంప్యూటరు పెట్టుకున్న మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్ళాను. "వైరు పెట్టడానికి దీనికి చోటే లేదు తాతా. ఏం చూడమంటావ్?" అన్నాడు.

"చెవి పెట్టి విను."

"ఆ రోజులు పోయాయి. తుక్కుకిచ్చెయ్ తాతా."

"ముందు నన్ను తూకం వెయ్యి. దానికంటే పాతవాణ్ణి" అని వచ్చేశాను. చర్చి పెద్ద ఒకాయన ఇంకా మంచి సలహా ఇచ్చాడు, పాటలు ఫోనులో పంపుతాం, ఇంట్లోనే వినిపించమని. ఆమె వినే మనిషి కాదండీ, పాడే మనిషి అని గట్టిగానే అన్నాను.

ఇక నేనే పూనుకున్నాను. డీజిల్ ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఉన్న నల్ల గొట్టం తీసి, లోపల పారేది కనిపించే ప్లాస్టిక్ గొట్టం బిగించి ఇంజిను స్టార్ట్ చేశాను. అక్క మెట్ల మీంచి చూస్తోంది.

"ఏంట్రా చేస్తున్నావ్?"

"దీనికి ఆయాసం ఎందుకొస్తోందో చూస్తున్నా అక్కా."

"మందెయ్యి."

"మందు కాదక్కా, గొట్టం."

"ఎప్పుడు చూడు గొట్టాలే. ఎక్కాలు చదివావా?"

"చదివా."

"అబద్ధం. పన్నెండోది చెప్పు."

చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్క చూసుకుంటుండగా గొట్టంలో బుడగలు కనిపించాయి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఎండి బీటలు వారింది. డీజిల్‌తో పాటు గాలినీ పీలుస్తోంది. అది మార్చాను. ఇంజిను ఆయాసం ఆగిపోయింది. ఎంతసేపు నిలబెట్టినా ఇంజిను ఆగలేదు.

నేనూ అక్కడితో ఆగాల్సింది. మిగతాదంతా కుదుటపడ్డాక ఆ జారిపోయే నాలుగో దెబ్బ నా చెవిని పొడవడం మొదలుపెట్టింది. తుక్కన్నవాడికి జవాబు చెప్పాలనీ ఉంది. ఇంజిను నడుస్తుండగానే, నాలుగు సిలిండర్లకూ డీజిల్ తీసుకెళ్ళే పైపుల నట్లు గుడ్డ అడ్డం పెట్టి ఒక్కొక్కటే కొంచెం వదులు చేశాను. వదులు చేసినప్పుడల్లా ఇంజిను కుంగింది. మూడోది వదులు చేస్తే మాత్రం ఏ తేడా లేదు. అంటే పని చెయ్యనిది అదే. లోపలికి డీజిల్ చిమ్మే దాని ఇంజెక్టరు ఊడదీసి నందిగామలో డీజిల్ పంపులు బాగుచేసే షాపుకు తీసుకెళ్ళి, దాని మూతికి కొత్త నాజిల్ వేయించాను. పాతది వాళ్ళ తుక్కు డబ్బాలో పడింది.

బిగించి స్టార్ట్ చేస్తే నాలుగు దెబ్బలూ నాలుగు ముత్యాల్లా పడ్డాయి. ఈ వయసులో నాకు దేనిమీదా గర్వం మిగల్లేదు. దానిమీద మిగిలింది.

ఆదివారం కారు మలుపు తిరిగింది. అక్క లేవలేదు. ఇంటి ముందు ఆపాను. తలెత్తి చూసి మళ్ళీ సందు చివరికే చూస్తూ కూర్చుంది.

"రా అక్కా, టైమవుతోంది."

"మా తమ్ముడు వస్తాడండి" అంది.

"నేనే కదే. కారు చూడు, మనదే."

"వాడి కారు ఇట్లా మోగదండి. ఒక దెబ్బ తప్పుతుంది. అది వినపడితే నేనే లేస్తాగా."

చెయ్యి పట్టుకుని లేపబోతే విదిలించుకుని కేకలు పెట్టింది. పక్కింటామె పరుగెత్తుకొచ్చి, "మీ తమ్ముడే కదమ్మా" అంటే, "నువ్వూ వీళ్ళ మనిషివేనా?" అని ఆమెనూ కసిరింది.

మర్నాడే నందిగామ వెళ్ళి తుక్కు డబ్బా బోర్లించాను. షాపువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "కొత్తది తీసి పాతది వేసేవాణ్ణి ఇప్పటిదాకా చూళ్ళేదండి" అన్నాడు. చూడకపోతే ఇప్పుడు చూడు అన్నాను. అందులో పాత నాజిళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. మాదేననిపించింది తెచ్చి వేశాను. నల్లపొగ వచ్చింది, టకటకా కొట్టుకుంది, ఆ చప్పుడు మాత్రం రాలేదు. ఇంకొకటి వేశాను. రాలేదు. అలాగైనా ఒక దెబ్బ తప్పుతుందేమోనని పైపు నట్టు వదులు చేసి చూస్తే వేడి ఇంజిను మీద డీజిల్ చిమ్మింది. అలా మనిషిని ఎక్కించుకుని తిరగలేను. బతుకంతా బాగుచెయ్యడమే నేర్చుకున్నాను. ఒక చప్పుడును ఎలా ఉండేదో అలా పాడుచెయ్యడం నాకు చేతకాలేదు.

ఇంట్లో ఇంకా అప్పుడప్పుడు నన్ను గుర్తుపడుతుంది. గుర్తుపట్టినప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినా కారు దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది, నా చెయ్యి వదిలేస్తుంది. చర్చికి వెళ్ళి నెలలైంది. మొన్న వంటింట్లో నేనే ఒక పాట మొదలుపెట్టాను. మొదటి చరణం నాతో పాటు పాడింది. రెండోదానికి నా నోటివైపు చూసింది.

ఈ ఆదివారమూ తెల్లచీర కట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కారు ఆపి, దిగి, ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"ఇంకా రాలేదా అమ్మా మీ తమ్ముడు?" అని అడిగాను.

"వస్తాడండి. బండి ఎక్కడో ఆగి ఉంటుంది. బాగుచేసుకోడం వాడికి వచ్చు" అంది. నన్ను ఎగాదిగా చూసి, "మీరు వెళ్ళండి. మీకు ఆరాధనకి ఆలస్యమవుతుంది" అంది.

నాకు తొందరేం లేదన్నాను. కింది మెట్టు మీద కూర్చున్నాను.