సీసం దిమ్మ మీది పేరు

అతి స్వల్పమైన రేడియోధార్మికతను కొలిచే ప్రయోగశాలలో నా ఉద్యోగం. బయటి రేడియేషన్ తగలకుండా కొలిచే పరికరం చుట్టూ సీసం పేరుస్తాం. ఆ సీసంలోనే కాస్త ధార్మికత ఉంటే లెక్క తప్పుతుంది. పాతబడేకొద్దీ సీసంలో అది తగ్గిపోతుంది. మాది ఎమ్మిగనూరు కాబట్టి, ఆ పక్కనే ఉన్న ఆదోనిలో పాతకాలపు పత్తి ప్రెస్సు మిల్లు కూలుస్తున్నారని తెలిసి సీసం కోసం నేనే వెళ్లాను.

ప్రెస్సుకు బరువుగా వేలాడదీసిన సీసం దిమ్మలను అక్కడి ముసలి కాపలాదారు చూపించాడు. ఒకదాని మీద మేకుతో గీసిన పేరు ఉంది.

"మా తమ్ముడు రాసుకున్నాడప్పా. వాన్ని పనికి తెచ్చింది నేనే. ఈ ప్రెస్సులోనే పడి సచ్చిపోయినాడు. ఈడుంటే తుక్కోళ్లు కరగబెడతారు, నువ్వే తీసుకపో."

పైపొరకు అంటిన మలినం పోవాలంటే దిమ్మలను యాసిడ్‌తో కడగాలి. ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టి ఉండాల్సింది. సీసం చాలదని దాన్నీ ముంచాను. అక్షరాలు పలచబడి, చివరికి దిమ్మ నున్నగా బయటికి వచ్చింది. కొలిస్తే అన్నిటికన్నా శుభ్రమైనది అదే.

నెల తర్వాత ఆయన ఫోన్ చేశాడు.

"పేరు అట్లే ఉండాదా అప్పా?"

"ఉండాది తాతా," అన్నాను.

"సాలు," అని పెట్టేశాడు.

ఇప్పుడు పరికరం తెరిచిన ప్రతిసారీ నా వేలు ఆ దిమ్మ మీదికే పోతుంది. గీతలేమీ తగలవు. అయినా ఆ పేరును మనసులో పూర్తిగా పలికితే తప్ప పని మొదలుపెట్టలేకపోతున్నాను.